పొట్టిమాటలన్నియు నొక్కటి కావు

మాటలు తగ్గినకొలది రచన బాగుపడు ననియు, క్లుప్తత యనునది ఎల్లచోటుల నేకరూపమైన గుణమే యనియు, ఇంగ్లీషులో దానిని తెలుపు బ్రీఫ్, కన్సైజ్, సక్సింక్ట్, టెర్స్, లకానిక్, పిథీ, కర్ట్ మున్నగు పదములన్నియు ఒకదానికి మాఱుగా మఱియొకటి నిలువదగిన పర్యాయపదములే యనియు ఒక యభిప్రాయము మన పాఠశాలలలో పుట్టి, కార్యాలయములలో పెరిగి, పత్రికలలో స్థిరపడినది. కర్ణాటకములోని కోలారు జిల్లాలో దీనికి మఱియొక యనుబంధము కలదు. ములబాగలు, శ్రీనివాసపురము, బంగారుపేట ప్రాంతములలోను, బంగారుగనుల లైన్లలోను మాటలాడు తెలుగు పొట్టిది గనుక మొరటుదనియు, అచ్చటి కచ్చేరీలలో వ్రాయు ఇంగ్లీషు పొట్టిది గనుక నాగరకమైనదనియు చదువుకొన్నవారే తఱచుగా పలుకుచుందురు. పొడవులో సమానమైన రెండు మాటలలో ఒకదానికి పొట్టితనము దోషమును, రెండవదానికి అదియే గుణమును ఎట్లయ్యెనో ఈ వాదము చేయువారెవ్వరును చెప్పరు. చెప్పబూనినచో వారి మొదటి సిద్ధాంతమే నిలువదు. అది నిలువదని చూపుటకే ఈ వ్యాసము.

ఈ పొరపాటునకు మూలమెక్కడ నున్నదో కనుగొనుట కష్టము కాదు. 1852లో పీటర్ మార్క్ రోజే తన ఇంగ్లీషు పదకోశమును వెలువరించినప్పుడు పదములను అకారాదిక్రమమున గాక భావములనుబట్టి కూర్చెను. క్లుప్తతకు సంబంధించిన మాటలన్నియు అందులో ఒక్క శీర్షిక క్రిందికి చేరినవి. తగినదాని నెన్నుకొనదలచిన రచయితకు పదములన్నియు ఒక్కచోట కనబడవలె ననునది ఆయన యుద్దేశము. మన విద్యార్థి ఆ వరుసను చూచి, ఒక వరుసలోనున్న వన్నియు ఒక్కటే యని తలచెను. గురువు ఆ తలపును దిద్దలేదు. ఇద్దఱును కలిసి ఏడెనిమిది పదములకును 'సంక్షిప్తమైన' అను ఒక్క తెలుగుమాటను వ్రాసికొని ముందుకు సాగిరి. ఎన్నుకొనుటకై చేసిన గ్రంథమే ఎన్నిక యక్కఱలేదను భ్రాంతికి కారణమైనది.

ఆ పదముల పుట్టుక నొక్కింత పరిశీలింపుడు. కన్సైజ్ అనుదానికి మూలమైన లాటిన్ ధాతువునకు ముక్కలుగా కోయుట యని యర్థము. అక్కఱలేని భాగమును కోసివేసిన పిదప మిగిలినదే కన్సైజ్. టెర్స్ అనునది తుడుచుట, మెఱుగుపెట్టుట యను అర్థముగల ధాతువునుండి వచ్చినది. ఇందు ప్రధానము కోత గాదు, మెఱుగు. నేటి వాడుకలో దానికి కొంత కాఠిన్యము కూడ చేరినది. సక్సింక్ట్ అనగా క్రిందినుండి పైకెత్తి బిగించి కట్టినది. మనవారు కాసె బిగించుట యందురే, అదియే. కాసె బిగించినవాడు బట్టను కోయడు, ఒక్క నూలుపోగును పోగొట్టుకొనడు, కాళ్లకడ్డముపడకుండ సర్దుకొనును. కాబట్టి కన్సైజ్ అయినదానిలో కొంత పోయినది. సక్సింక్ట్ అయినదానిలో ఏమియు పోలేదు. ఈ భేద మెఱుగని లేఖకుడు ఒకదానికి బదులొకటి వ్రాసినచో, విషయమంతయు ఇందున్నదో లేక కొంత తీసివేయబడినదో చదువరికి తెలియు మార్గమేది? పిథీ యనునది కాండము నడిమి గుజ్జునుండి పుట్టిన మాట. మనము చేవగల మాట యనునప్పుడు ఉద్దేశించునది ఇంచుమించు ఇదియే. కంపెండియస్ అనగా విశాలమైన విషయమును చిన్నచోట కుదించినది. బ్రీఫ్ అనునది కేవలము కాలమునో నిడివినో చెప్పును, మెచ్చుకొనదు, తప్పుపట్టదు. ఇక కర్ట్ అనుదానికి మూలమైన లాటిన్ మాటకు మొండిగా తెగినదని యర్థము. ఆ తెగుట ఎదుటివానికి తగులును గనుకనే ఇంగ్లీషువారు దానిని అమర్యాదకు వాడుదురు.

లకానిక్ కథ వేఱు. ఇది గ్రీసుదేశమున స్పార్టానగర మున్న లకోనియా యను సీమ పేరునుండి పుట్టినది. మాసిడోనియా రాజైన ఫిలిప్పు, తాను లకోనియాలో అడుగిడినచో మిమ్మందఱిని వెళ్లగొట్టెదనని వర్తమానము పంపగా, స్పార్టావారు 'అడుగిడినచో' అను ఆ షరతు మాటను మాత్రమే ప్రత్యుత్తరముగా పంపిరని ప్లూటార్కు చెప్పిన కథ లోకప్రసిద్ధము. ఈ ప్రత్యుత్తరములో కోసివేసినది లేదు, కుదించినది లేదు. శత్రువు వాడిన మాటనే శత్రువునకు తిప్పి యిచ్చిరి. ఇది ఒక జనపదము యొక్క స్వభావము. బెదరింపును బెదరింపుగా లెక్కింపని గుండెనిబ్బరము. దీనిని కన్సైజ్ అన్నచో ఆ గుండెనిబ్బరము మాయమగును. కర్ట్ అన్నచో ఆ జాతికి నింద కలుగును. సీమ పేరే క్లుప్తతకు పేరైనప్పుడు, ఏ సీమ మాటతీరును ఏ పేరుతో పిలువవలెనను విచారణ అల్పమైనది కాదని ఈ కథయే తెలుపుచున్నది.

లెక్కలో తక్కువగా నుండుటయే క్లుప్తత యనువారికి ఒక్క గ్రంథమును చూపిన చాలును. 1911లో ఫౌలర్ సోదరులు కూర్చిన ఆక్స్‌ఫర్డు నిఘంటువు పేరులోనే కన్సైజ్ అను మాట కలదు. అది వేయిపుటలకు మించినది. దానిని బ్రీఫ్ అని ఎవ్వరును అనరు, అనజాలరు. వేయిపుటల గ్రంథము కన్సైజ్ కావచ్చు ననియు, రెండుపంక్తుల ఉత్తరము కాకపోవచ్చు ననియు అంగీకరించినచో అక్షరములు లెక్కించు కొలత విఱిగినట్లే.

మన ప్రాచీనులకు ఈ విషయము బాగుగా తెలియును. అర్ధమాత్ర తగ్గినను కొడుకు పుట్టినంత సంబరపడుదురని వైయాకరణులనుగూర్చి చెప్పుకొందుము. లాఘవమునందు వారిని మించినవారు లోకములో లేరు. అట్టి శాస్త్రసంప్రదాయములోనే సూత్రమునకు లక్షణము చెప్పినప్పుడు అక్షరములు తక్కువగా నుండుటను అనేక లక్షణములలో ఒక్కదానిగా మాత్రమే యెంచిరి. సందేహమునకు తావులేకుండుట, సారము కలిగియుండుట, అంతట అన్వయించుట, వ్యర్థాక్షరము లేకుండుట, నిందకు చోటీయకుండుట అను తక్కినవి దాని తోడనే నిలిచినవి. మొదటిది మాత్రము కలిగి తక్కినవి లేనిదానిని వారు సూత్రమనరు. పైగా పాణిని సూత్రములు నాలుగువేలకు దగ్గఱగా నుండగా వాని యర్థమును నిలుపుటకు పతంజలి మహాభాష్యమంతటి గ్రంథము కావలసివచ్చెను. సూత్రకారుడు విడిచినదానిని చెప్పువారు వెంట నుందురను నమ్మకముతోనే ఆ క్లుప్తత సాధ్యమైనది. మన కార్యాలయములలో సూత్రములవంటి ఉత్తరువులు వ్రాయువారు కలరు; వానికి భాష్యము చెప్పువా డొక్కడును లేడు.

ఇప్పుడు కోలారు బంగారుగనులలోనికి వత్తము. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారు చేపట్టిన పిదప వృద్ధిపొందిన ఈ గనులలో ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగినది. గనులు నడచిన కాలమున అంత లోతులోనికి మనుష్యులను దింపు కేజి ఒక్క యుక్కుత్రాటిపై వ్రేలాడుచుండెను; దానిని నడుపు ఇంజను వేఱొక యింటిలో నుండెను; ఇంజను నడుపువాడు కేజిని గాని అందలి మనుష్యులను గాని చూడలేకుండెను. అతనికి వినబడినది గంట యొక్కటే. ఎన్ని గంటలు కొట్టిన ఏమి చేయవలెనో ముందుగా నిర్ణయింపబడి, పలకపై వ్రాసి, అందఱకు కనబడునట్లు వ్రేలాడదీయబడి యుండెను. కదలుచున్న కేజిని నిలుపుటకు ఒక్క గంట చాలెడిది. మానవుడు కనిపెట్టిన సంభాషణలలో ఇంతకంటె పొట్టిది లేదనవచ్చును. దీనిని లకానిక్ అనవచ్చునా? గంటకు గుండెనిబ్బర మెక్కడిది? టెర్స్ అనవచ్చునా? అందు మెఱుగు లేదు. కర్ట్ అనుట ఎంతమాత్రమును కుదరదు. ప్రాణము కాపాడు గంటలో అమర్యాద యేమి యున్నది? ఈ పొట్టితనమునకు ఆధారము ముందుగా కుదిరిన ఒప్పందము. ఒప్పందములో మాటలన్నియు నున్నవి. గంట వానిని జ్ఞప్తికి తెచ్చును, అంతే. ఆ ఒప్పంద మెఱుగని క్రొత్త కూలివానికి ఆ గంట ఉత్త మ్రోత. కావున ఒక పొట్టిమాటను చూచినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న, ఇది ఎంత పొట్టిది యని కాదు; ఇందు విడిచినదంతయు వినువాని యొద్ద మునుపే యున్నదా యని. ఉన్నచో ఆ పొట్టితనము ధర్మము. లేనిచో వినువానికి దక్కవలసినదానిని అపహరించుట.

ఈ ప్రశ్న చేతబట్టుకొని కోలారు రచయితలను చూతము. ములబాగలులో 1887లో జన్మించిన డి.వి. గుండప్పగారు 1943లో ప్రకటించిన కన్నడ కావ్యము మంకుతిమ్మన కగ్గలో 945 పద్యములు కలవు. ఒక్కొక్కటి నాలుగేసి పాదములు. ఇది పిథీ యనుదానికి నిండైన యుదాహరణము: పద్యము చిన్నది, విప్పినకొలది విషయము వచ్చుచుండును, వ్యాఖ్యాతలు పుట్టుచునే యున్నారు. అదే జిల్లా మాలూరు తాలూకాలో హుంగేనహళ్లిలో 1891లో జన్మించిన మాస్తి వెంకటేశ అయ్యంగారు కన్నడ చిన్నకథకు పితృతుల్యుడు. చిన్నకథ బ్రీఫ్; కాని మాస్తివారి కథనము టెర్స్ కాదు. ఆయన తొందరపడడు, అరుగుమీద కూర్చుండి పెద్దలు చెప్పుచున్నట్లే కథ నడుచును, పాత్రలకు కూర్చుండుటకు చోటిచ్చి, మాటలాడుటకు వ్యవధి యిచ్చి, తుదకు కొలది పుటలలోనే ముగించును. ఒకే జిల్లాలో నాలుగేండ్ల యెడముతో పుట్టిన ఇద్దఱు మహారచయితల క్లుప్తతలే ఇంత వేఱైనప్పుడు రెండింటికిని 'సంక్షిప్తత' అను ఒకే ముద్ర వేసి సంతృప్తి చెందుట సాహిత్యవిమర్శ యనిపించుకొనదు. ఆనాడు కోలారు జిల్లాలోనే యుండిన ముద్దేనహళ్లిలో, తెలుగు మాటలాడు కుటుంబములో జన్మించిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు 1951లో ప్రకటించిన తమ స్మృతులకు తమ యుద్యోగజీవిత స్మృతులని పేరు పెట్టి, ఆ పేరుతోనే గిరి గీచికొనిరి. సక్సింక్ట్ అను మాట ఆయన వంటివారికై పుట్టినది. ఇక తెలుగులోను కన్నడములోను కీర్తనలు చెప్పిన కైవారము నారేయణ తాతగారి కాలజ్ఞానము వేఱొక జాతిది. అందలి పొట్టితనము గూఢతకు సంబంధించినది, వినువాడు తన కాలమును తానే అందు వెదకికొనవలెను. ఇంగ్లీషు పదములలో దేనియందును అది సరిగా నిముడదు. ఇమిడితీరవలె నను నియమమును లేదు.

ఇంతవఱకు గ్రంథస్థమైన మాటను చూచితిమి. ఇక నోటిమాటకు వత్తము. నాకు ముఖ్యమైన కలహ మిక్కడనే. శ్రీనివాసపురము మామిడికి పేరుపొందినది. వేసవిలో మండిదగ్గఱ ఇద్దఱు రైతులు కలిసికొనిరనుకొందము.

"ఏమన్నా, కాయ?"

"రాలిపాయె."

"వానకా?"

"గాలికి. సగం."

"కానీలే అన్నా."

ఇంతే. పట్నములో చదివి వచ్చిన వారి పిల్లలు దీనిని విని, మావాండ్లకు మాటలాడుట రాదని సిగ్గుపడుదురు. ఇదియే నేను సహింపలేని యన్యాయము. ఈ సంభాషణలో కర్తలు పోయినవి, కర్మలు పోయినవి, కొన్నిచోట్ల క్రియయు పోయినది. ఎవరి తోట, ఏ దినము, అప్పు ఎట్లు తీరును అను విచారణ యంతయు పోయినది. పోయినదంతయు ఇద్దఱి మనస్సులలోను నిండుగా నున్నది. ఏలయన ఆ గాలి ఇద్దఱి తోటలమీదను వీచినది. అన్ని మాటలను విడిచిన ఆ రైతు ఒక్కమాటను మాత్రము విడువలేదు. మొదటను చివరను 'అన్నా' యని పిలిచెను. కోలారు తెలుగును కొంతకాలము చెవియొగ్గి వినినవారికి ఇది తేటపడును: అక్కడివారు తొందరలో నున్నను, కోపములో నున్నను వాక్యములో దేనినైన జారవిడుతురు గాని అన్నా, అప్పా, అమ్మా, తాతా యను పిలుపును జారవిడువరు. కర్ట్ అయినది మొట్టమొదట కోసివేయునది ఆ పిలుపునే. అందుచే ఇది కర్ట్ కాదు, మొరటు కాదు. ఇది టెర్స్, 'కానీలే అన్నా' యనుచోట ఇది లకానిక్ కూడ. ఏడాది పంటలో సగము నేలరాలిన మనుష్యునకు కానీలే యని ధైర్యము చెప్పిన ఆ మాటకును, ఫిలిప్పు రాజునకు స్పార్టావారిచ్చిన ప్రత్యుత్తరమునకును మధ్య స్వభావభేదము నాకు కనబడదు. స్పార్టావారిది పాఠ్యపుస్తకములలో వీరవాక్యము. కోలారు రైతుది పల్లెటూరి మొరటుతనము. ఈ తీర్పు చెప్పినవారెవ్వరో వారికి భాషాజ్ఞానము చాలదనియే నేను నిస్సంకోచముగా చెప్పుచున్నాను.

తెలుగు స్వభావముచేతనే సాగదీయు భాషయనియు, ఇంగ్లీషు స్వభావముచేతనే పొదుపుగలదనియు ఒక మాట వినబడుచుండును. 'రానంటాడు' అను ఒక్కమాటను ఇంగ్లీషులో చెప్పుటకు నాలుగైదు మాటలు కావలెను. దీనినిబట్టి తెలుగు గొప్పదని నేననను. మాటలు లెక్కించుట పనికిరాని పని యని మాత్రమే అందును. ప్రత్యయములను మాటలో కలుపుకొను భాషను, వేఱువేఱుగా నిలుపు భాషతో మాటల సంఖ్యనుబట్టి పోల్చువాడు మణుగులతో మూరలను కొలువబోయినవాడు.

ప్రతిపక్షమువారి వాదములో సత్యము లేకపోలేదు. సభలలో గంటలకొలది సాగు ఉపన్యాసములను, ఒక్క విషయమునకు మూడు పుటలు నింపు దరఖాస్తులను ఎఱిగినవాడెవ్వడును విస్తరమును సమర్థింపడు, వ్యర్థపదము వ్యర్థమే, దానిని తీసివేయవలసినదే. కాని వారు ఒక్క రోగమును చూచి ఒక్క మందు కనిపెట్టి, ఆ మందును ఆరోగ్యవంతులకు గూడ పోయుచున్నారు. విస్తరమునకు విరుగుడు కన్సైజ్ అగుట. కర్ట్ అగుట కాదు. రెండును ఒక్కటే యని నేర్చికొన్న ఉద్యోగి, మొదటిది కష్టము రెండవది సులభము గనుక, రెండవదానినే చేసి మొదటిదాని కీర్తిని పొందుచున్నాడు. ఒక వృద్ధురాలి పింఛను దరఖాస్తుపై 'తిరస్కరింపబడినది' అను ఒక్కమాట వ్రాసిన అధికారి తాను క్లుప్తముగా వ్రాసితినని నిజముగానే నమ్ముచున్నాడు. అతని బడి అతనికట్లే నేర్పినది. ఏ కాగితము తక్కువైనది, ఏ నిబంధన అడ్డువచ్చినది, మరల ఎవరికి చెప్పుకొనవలెను అనునవి ఆ యమ్మకు తెలియవు, తెలిసినవాడు అతడొక్కడే, తెలిసినవాడు విడిచెను. గనిలోని గంటకును, మామిడిమండిలోని మాటకును, ఈ యక్షరములకును పొడవు ఇంచుమించు సమానము. ధర్మమున వానికిని దీనికిని ఎంత దూరము! మన న్యాయశాస్త్రము ఈ భేదమును గుర్తించినది. కారణములు తెలుపు ఉత్తరువును న్యాయవాదులు స్పీకింగ్ ఆర్డర్, అనగా మాటలాడు ఉత్తరు వందురు; కారణములు లేనిది మూగది. 1990లో ఎస్.ఎన్. ముఖర్జీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, తీర్పరితనపు అధికారము వహించు పరిపాలనాధికారులు చట్టము మినహాయించిన సందర్భములలో తప్ప కారణములను నమోదు చేయవలసినదే యని నిర్ణయించినది. కారణము వ్రాయుట విస్తరము కాదని దేశపు అత్యున్నత న్యాయస్థానము చెప్పినను మన పాఠశాలలకు వినబడలేదు.

సమరీ యను మాట నింతవఱకు కావలెననియే తీయలేదు. ఇంగ్లీషులో ఆ మాటకు రెండర్థములు: సారసంగ్రహ మొకటి; సాధారణ విచారణాక్రమమును కుదించి తేల్చివేయుట మఱియొకటి. మొదటిది పండితుని పని, రెండవది అధికారము పని. కోలారు గనుల చరిత్రములో ఈ రెండవ యర్థము ఎంత బలమైనదో చూడుడు. 1956లో మైసూరు ప్రభుత్వపరమై, 1962లో కేంద్రమునకు చేరి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అను సంస్థయైన ఈ గనులు 1992లో పారిశ్రామిక పునర్నిర్మాణ మండలి యెదుటికి పోయినవి. 1985 నాటి చట్టమునుబట్టి వానికి తగిలిన పేరు ఒక్కమాట: 'సిక్', అనగా జబ్బుపడిన సంస్థ. 2001 ఫిబ్రవరి 28తో గనులు మూతపడినవి. వ్యయము రాబడిని మించినదను లెక్క అసత్యమని నేననుట లేదు. ఆ ఒక్కమాటలో ఏమేమి విడువబడెనో చెప్పుచున్నాను. ఎనిమిదివందల టన్నుల బంగారమును వెలికితీసిన నూటయిరువదియేండ్ల శ్రమ విడువబడినది. ఆ శ్రమ చేసినవారి ఊపిరితిత్తులు విడువబడినవి: 1940లలో జరిగిన పరీక్షలలో, పరీక్షింపబడిన గనికార్మికులలో నూటికి నలుబదిమందికి మించి ఱాతిధూళివలన కలుగు సిలికోసిస్ ఉన్నట్లు తేలినది. చిత్తూరు, ఉత్తరార్కాడు సీమలనుండి వచ్చిన తెలుగువారును, వారికంటె ఎక్కువ సంఖ్యలో వచ్చిన తమిళులును తరతరములుగా పీల్చిన ధూళి యది. జబ్బు అను మాట సంస్థకు వర్తించిన పత్రములో, ఆ మాట నిజముగా వర్తించిన మనుష్యులకు చోటులేకపోయెను. ఇది కన్సైజ్ అనువాడు ఆ మాటను అవమానించుచున్నాడు. ఇది సమరీ, రెండవ యర్థములో సమరీ.

బడులలో ప్రెసీ యను అభ్యాసము ఒకటి కలదు. ఒక ఖండికను మూడవవంతునకు కుదింపవలెను. సివిల్ సర్వీసు పరీక్షల ఇంగ్లీషు పత్రములో గూడ అది నేటికిని నిలిచియున్నది. అభ్యాసము చెడ్డది కాదు. దానిని దిద్దుతీరు చెడ్డది. నిడివి సరిపోయినదా యని చూతురు; తీసివేసినదేమో చూడరు. గనులవాడలో పెరిగిన పిల్లలకు ఈ విషయమును ఒక్కమాటతో బోధింపవచ్చును. ఊరిగాము, మారికుప్పము ప్రాంతములలో ఇండ్లవెనుక లేచియున్న సైనైడు దిబ్బలను వారు నిత్యము చూచుచునే యున్నారు. ఱాతిని పొడిచేసి, బంగారము తీసికొని, మిగిలినది పనికిరాదని పోసిన మట్టి యది. మూడుకోట్ల టన్నులకు పైబడినది. వేసవిగాలికి ఆ పొడి లేచి ఇండ్లలో పడును. పనికిరాదన్న ఆ మట్టిలోనే ఇంకను బంగారమున్నదని తేలి, 2024లో కర్ణాటక మంత్రివర్గము దానిని మరల తీయు ప్రతిపాదనకు సమ్మతించినది. రచనలో తీసివేసినదియు నట్లే: అందులో సారము మిగిలియుండవచ్చును, అది ఎవరి యింటిమీదనో పడుచు నుండవచ్చును. ప్రెసీ దిద్దు ఉపాధ్యాయుడు మిగిలిన మూడవవంతును మాత్రమే చూచి మార్కులు వేయుట, బంగారుకడ్డీని తూచి దిబ్బను మఱచుట వంటిది.

పొడియక్షరముల పేర్లనుగూర్చి రెండు మాటలు చెప్పి ముగింతును. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ అను పేరునకు గుఱుతైన కె.జి.ఎఫ్. అను మూడక్షరములు 2018లో వచ్చిన చలనచిత్రముతో దేశమంతట మారుమ్రోగినవి; ఆ యక్షరములలో మొదటిది కోలారు అని తెలిసినవారు ఆ చిత్రమును చూచినవారిలో ఎందఱో చెప్పలేము. అదే 2018లో కె.సి. వ్యాలీ పథకమను పేరుతో బెంగుళూరునుండి శుద్ధిచేసిన వాడుకనీరు కోలారు చెఱువులకు రాసాగెను. జీవనది లేని ఈ జిల్లాలో చెఱువే దిక్కు. ఆ రెండక్షరములు కోరమంగల, చల్లఘట్ట యను పేర్లకు గుఱుతులనియు, ఆ లోయలలో ప్రవహించునది మహానగరపు మురుగునీరనియు తెలిసినవాడు ఆ నీటిని ఎంతవఱకు శుద్ధిచేసిరని అడుగగలడు. అక్షరములు మాత్రమే తెలిసినవాడు అడుగలేడు. పొడియక్షరములు వాడుకొనుటకు సౌకర్యముగా నుండును, నేనును వాడుదును. కాని వాని పూర్తిపేరు వినువాని కందియుండవలె నను నియమము గనిలోని గంటకువలెనే వీనికిని కలదు.

కోలారు జిల్లాలో ఇంగ్లీషు చెప్పు ఉపాధ్యాయులకు నా విన్నపము ఇది. బ్రీఫ్ మొదలు కర్ట్ వఱకు మొదట చెప్పిన ఈ ఏడు పదములను ఒక్క తెలుగుమాటతోనో ఒక్క కన్నడమాటతోనో సరిపెట్టి చెప్పకుడు. ఒక్కొక్కదానికి మీ పల్లెనుండియే, మీ కచ్చేరీనుండియే ఒక్కొక్క యుదాహరణము తెప్పించుడు, పిల్లలు తేగలరు. ప్రెసీ వ్రాయించునప్పుడు తాము విడిచినదేమో, ఏల విడిచితిమో ప్రక్కన వ్రాయుమని అడిగి, సగము మార్కులు దానికే వేయుడు. తమ తండ్రితాతల మాట పొట్టిదని సిగ్గుపడు పిల్లవానికి, ఆ మాటలో ఏ పిలుపు తెగకుండ నిలిచినదో చూపుడు. దరఖాస్తులమీద వ్రాయు అధికారులకును ఒక్క విన్నపము: తిరస్కరింపవలసి వచ్చినచో తిరస్కరింపుడు, దాని క్రింద కారణము వ్రాయుడు. అందుకు ఒక్క పంక్తి చాలును.